బోర్లించిన కుండలు

"కాలెండరు ఏమైంది?" అన్నాడు భర్త, చొక్కాకి ఒక చెయ్యి తొడిగి, రెండో చెయ్యి ఇంకా వేలాడుతుండగానే.

"బల్ల మీదుంది," అంది ఆమె వంటింట్లోంచి.

"గోడ మీదుండాల్సింది బల్ల మీదికెందుకు దిగింది? మేకుకి ఈ గాజుపుల్ల ఎవరు తగిలించారు?"

"గాజుపుల్ల కాదు, థర్మామీటరు."

"థర్మామీటరు మనిషి చంకలో పెడతారు. గోడకి కూడా జ్వరం వస్తుందా?"

"వస్తుంది. మధ్యాహ్నం మూడింటికి మొదలవుతుంది, దీపాలు పెట్టాక కూడా దిగదు. మీరు ఆ వేళకి ఆఫీసులో ఫ్యాను కింద ఉంటారు కనక మీకు తెలీదు."

"గ్యాసు ఎప్పుడొచ్చిందో కాలెండరు మీదే రాశాను. ఇప్పుడెలా తెలుస్తుంది?"

"నాలుగో తారీఖున వచ్చింది. ఇంకో పదకొండు రోజులు వస్తుంది. పాలవాడు రెండు రోజులు నాగా. మీ చెప్పులు కుట్టడానికిచ్చింది పోయిన శుక్రవారం. ఇంకేమన్నా చూడాలా కాలెండర్లో?"

"ఏం అక్కర్లేదు. కొలబద్దని కట్టుకున్నాక కాలెండరెందుకు!"

ఆ పేరు ఆమెకి ఇల్లు మొదలుపెట్టాక వచ్చింది. పునాది తవ్వినరోజు తన టేపు తీసుకెళ్లి, మేస్త్రి కొలిచిందే మళ్లీ కొలిచి, నాలుగు వేళ్లు తక్కువుందని చెప్పింది. నిజంగానే తక్కువుంది. ఆరోజు నించి మేస్త్రి వెనకాల, భర్త ఎదురుగా అదే పేరుతో పిలుస్తున్నారు.

వరండాలో కుట్టుమిషను చప్పుడు ఆగింది. మిషను ముందు కూర్చున్నావిడ, భర్తకి అక్క, వెనక్కి తిరక్కుండానే అంది:

"ఒరే తమ్ముడూ, నా సూదుల డబ్బాలో మేకులున్నాయి. ఇంకోటి కొట్టుకో. ఒక్క మేకు మీద ఇద్దరూ వేలాడుతుంటే సంసారం ఎన్నాళ్లు నిలబడుతుందిరా?"

బడికి తయారవుతున్న పాప పకపకా నవ్వింది. "మిషనత్త గెలిచింది!" అంది. ఆ పిల్ల పెట్టిన ఆ పేరుతోనే వీధి వీధంతా ఆవిడని పిలుస్తుంది. భర్త రెండో చెయ్యి కూడా తొడుక్కుని బయటికి నడిచాడు. మేకు మాత్రం కొట్టలేదు. మిషను చప్పుడు మళ్లీ మొదలైంది.

పని సర్దుకుని ఆమె థర్మామీటరుని తువ్వాల్లో చుట్టి, నోటుపుస్తకం సంచిలో వేసుకుని, రెండు వీధుల అవతల కడుతున్న ఇంటికి వెళ్లింది. గోడలు లేచాయి, శ్లాబులు పడ్డాయి. ముందువైపు హాలు, దాని పక్కన పడకగది. వెనక పడమటి వైపు వంటిల్లు, దాన్నానుకుని చిన్నగది. వంటింటి మీదా చిన్నగది మీదా మేడ మీద ఒక గది. అంతే ఇల్లు. అద్దె వంటింట్లో పన్నెండు ఎండాకాలాలు రేకు కింద వండింది. సొంత ఇంట్లో మాత్రం చెమట కళ్లల్లోకి కారకుండా కూర తాలింపు వెయ్యాలని ఆమె పంతం. దాని కోసం దొరికిన పుస్తకమల్లా చదివింది. చదివింది నోటుపుస్తకంలో ఎక్కించింది.

వంటింటి పడమటి గోడ రెండు గోడలుగా కట్టించింది, మధ్యలో మూడు వేళ్ల ఖాళీతో. ఇటుక పెట్టేటప్పుడు జారిన సున్నం ముద్దలు ఆ ఖాళీలో పడి, రెండు గోడలనీ కలిపేస్తే ఎండ వేడి ఆ ముద్దల మీదుగా నడిచొచ్చేస్తుంది. అందుకని సన్నటి చెక్కపట్టీని తాళ్లతో ఖాళీలోకి వేలాడదీయించి, వరస పూర్తయినప్పుడల్లా పైకి లాగించి, దాని మీద పడ్డ ముద్దలు గీకించింది. "నలభయ్యేళ్లుగా గోడలు కడుతున్నా, గోడకి లంగోటీ కట్టడం ఇదే చూట్టం," అన్నాడు మేస్త్రి. అన్నాడే గాని కట్టాడు. ఇప్పుడు వేరే ఇళ్లలో కూడా అలాగే కడుతున్నాడని, తన పద్ధతేనని చెప్పుకుంటున్నాడని ఆమెకి తెలిసింది.

ఆమె వెళ్లేసరికి మేస్త్రి పడకగది శ్లాబు మీద కుండలు పరవడం ముగిస్తున్నాడు. బోర్లించిన కుండలు, ఒకదానికొకటి ఆనుకుని, వరసలు వరసలుగా. మధ్య సందుల్లో ఇటుక ముక్కలూ సున్నమూ కూరి, పైన పలచగా గచ్చు చేసి తెల్లసున్నం కొడితే సరి. కుండల్లో చిక్కుకున్న గాలి ఎండని కిందికి దిగనివ్వదు.

మేస్త్రి ఒక కుండ ఎత్తి, వేలి కణుపుతో కొట్టి చూశాడు. బొంగురుగా పలికింది.

"ఇది బీటలు వారింది కదా మేస్త్రిగారూ?"

"వారితే ఏమమ్మా? ఇందులో నీళ్లు పోసుకుంటామా! నీళ్లకి పనికిరాని కుండ గాలికి పనికొస్తుంది. కుమ్మరి పారేద్దామన్నవన్నీ నేనే ఏరి తెచ్చా."

"హాలుకి సరిపోతాయా?"

"ఈ మధ్యాహ్నం బండి వస్తే సరిపోతాయి. అదే కుమ్మరి కాల్చిన ఆఖరు ఆవం. వానలు మొదలైతే మట్టి ఆరదు, కుమ్మరి మళ్లీ కుండలు కాల్చేది చలికాలానికే. హాలు పని మాత్రం ఆపనమ్మా, అయ్యగారు మూడుసార్లు చెప్పి వెళ్లారు. ఆఫీసు వాళ్లొచ్చి కూచునేది అక్కడేనంట."

"మేడ గది మీదికి?"

"దానికి మీరే అక్కర్లేదని రాశారుగా!"

ఆమె నోటుపుస్తకం తీసింది. తన గుండ్రటి అక్షరాల్లో ఉంది: 'పైన గది వచ్చినచోట కింద కుండలు అక్కర్లేదు. గదే నీడ.' తనకి తట్టిన మాట అది. ఇన్ని పుస్తకాలు చదివినందుకు తనంతట తను చెప్పగలిగిన మాట. మేస్త్రి కూడా మెచ్చుకున్నాడు. "నిజమే. పైన గది పడితే కింది గదులకి గొడుగు పట్టినట్టే," అన్నాడు అప్పుడు. ఆ గది మీద శ్లాబు సంగతి మాత్రం ఆ పేజీలో లేదు; ఆ మెప్పు తలుచుకుంటూ ఆమె అది గమనించలేదు. తర్వాతి పేజీలో వంటింటి సజ్జా ఎంత ముందుకి రావాలో ఉంది.

ఆ గది వదినకి. "ఒక్కర్తివే హాయిగా ఉండొచ్చక్కా, మా గోల ఉండదు," అన్నాడు భర్త. "గాలీ వెలుతురూ బాగా వస్తాయి వదినా," అంది ఆమె కూడా. వదిన తలూపింది.

వంటింట్లోనూ చిన్నగదిలోనూ థర్మామీటరు ముప్ఫై నాలుగు చూపించింది, హాల్లో ముప్ఫై తొమ్మిది. ఆమెకి వంటింటి గోడని ముద్దు పెట్టుకోవాలనిపించింది. మేడ మెట్లెక్కి, గది కిటికీ సరిగా మూసుకుంటోందో లేదో చూస్తూ థర్మామీటరు కిటికీ చట్రానికున్న మేకుకి తగిలించింది. అంతలో కింద కుండల బండి వచ్చింది. దింపేటప్పుడు ఎన్ని పగిలాయో చూడాలని గబగబా దిగింది. థర్మామీటరు అక్కడే ఉండిపోయింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర భర్త గోడకేసి చూపిస్తూ, "మేకు ఖాళీగా ఉంది. కాలెండరు గారిని మళ్లీ పైకి పిలవొచ్చా?" అన్నాడు.

"పిలవండి. ఆ గాజుపుల్ల కొత్తింట్లో మర్చిపోయాను."

"మర్చిపోయావా! నువ్వా!" అతను పాప వంక చూశాడు. "రాసుకోవే, ఇవాళ తారీఖు."

ఆమె నవ్వుతూనే వడ్డించింది. పాపకి కూర ఎక్కువ, భర్తకి పచ్చి ఉల్లిపాయ, వదినకి రెండు గరిటెల అన్నం. అడగకుండా పెట్టేస్తుంది. ఎవరికెంతో ఆమె చేతికి తెలుసు.

మర్నాడు శనివారం. బడి వదిలేవేళకి వెళ్లి పాపని తీసుకుని, అటునించి అటే కొత్తింటికి వెళ్లింది. మేస్త్రి టీకి వెళ్లాడు. హాలు కోసం తెచ్చిన కుండలు మెట్ల పక్కన దొంతరలు దొంతరలుగా పేర్చి ఉన్నాయి. "నేను కుండలు లెక్కపెడతాను," అని పాప అక్కడే ఆగింది. ఆమె మేడెక్కింది.

గది తలుపు దగ్గరగా వేసి ఉంది. తోయగానే వేడి మొహాన కొట్టింది. పొయ్యి మీద మూత తీసినట్టు కాదు, పొయ్యిలోనే తలపెట్టినట్టు. లోపల వదిన రంగుడబ్బా మీద నిలబడి ఉంది. ఒక చేత్తో గుడ్డ ఒకటి పైకప్పుకి ఆనించి పట్టుకుని, రెండో చేత్తో సుద్దముక్కతో శ్లాబు మీద గీత గీస్తోంది. నోట్లో గుండుసూదులు. జాకెట్టు వీపంతా తడిసి అతుక్కుపోయింది. మెళ్లో కొలతల టేపు.

"వదినా! మీరిక్కడేం చేస్తున్నారు?"

వదిన తొట్రుపడి, గుండుసూదులు అరచేతిలోకి ఊసి, డబ్బా దిగింది. దొంగతనం చేస్తూ దొరికిన మొహం పెట్టింది. "ఏం లేదమ్మాయ్. మిషను ఎక్కడ పెట్టాలా అని చూద్దామని వచ్చా."

"మిషను కప్పుకి వేలాడదీస్తారా?"

వదిన నవ్వేసింది. "నీ దగ్గర అబద్ధం ఒక పూటైనా నిలవదు కదా."

ఆమె ఆ గుడ్డ చేతిలోకి తీసుకుంది. గుడ్డ కాదది. రెండు పొరలు, మధ్యలో కత్తిరింపు ముక్కలు కూరి, నాలుగంగుళాలకొక గడి చొప్పున కుట్లు వేసి ఉంది. ఒక్కో గడీ చిన్న దిండులా ఉబ్బి ఉంది. పైవైపు తెల్లటి లంకలాటు గుడ్డ. కిందివైపు వీధిలో అందరి చొక్కాల, లంగాల, కర్టెన్ల ముక్కలు, రంగుకి రంగు కలిపి అతికినవి. పాప పోయినేటి బడిగౌను కూడా ఒక మూల కనిపించింది.

"ఇదెందుకు?"

"కప్పుకి లోపలివైపు కడదామని. శ్లాబుకీ దీనికీ మధ్య జానెడు ఖాళీ వదిలితే కాస్త ఆపుతుందేమో. ముక్కలు మరీ గట్టిగా కూరకూడదు, తెలుసా? ముందు ఒకటి గట్టిగా కూరి చూశా, పనికిరాలేదు. లోపల గాలి ఆడాలి." వదిన కొంగుతో మెడ తుడుచుకుంది. "నువ్వు కుండల గురించి రాసుకుందే. నా దగ్గర కుండలు లేవు, పీలికలున్నాయి."

"నా పుస్తకం చదివారా?"

"బల్ల మీదే ఉంటుందిగా. బాగా రాశావు. నీ అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, నా కళ్లకి కూడా ఆనతాయి."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండునని ఆమెకి అనిపించింది. బదులు చెప్పడానికి ఏదో ఒకటి దొరికేది. కిటికీ దగ్గరికి వెళ్లి థర్మామీటరు తీసుకుంది. గాజు చురుక్కుమంది. నలభై మూడు. నీడలో, తలుపు వేసిన గదిలో, సాయంత్రం నాలుగున్నరకి. పుస్తకంలో ఎక్కించడానికి పెన్ను తీసింది. ఏ పేజీలో రాయాలో తోచలేదు. ఈ గదికి ఆమె పుస్తకంలో పేజీ లేదు.

"ఎప్పట్నించీ కుడుతున్నారు వదినా?"

"శ్లాబు పడ్డ వారానికి మొదలెట్టా. ఇంకా సగం కూడా కాలేదు. బయటివాళ్ల కుట్లు అయ్యాక, సాయంత్రాలు."

శ్లాబు పడి రెండున్నర నెలలు. ఈ రెండున్నర నెలలూ తను ప్రతిరోజూ వరండా దాటుతూనే ఉంది. మిషను మీద రంగురంగు ముక్కలు చూస్తూనే ఉంది. ఎవరిదో దుప్పటి అనుకుంది. అడగలేదు.

"ఒక్కమాట చెప్పొచ్చుగా, ఈ వేడి పడలేనని."

"పడలేనని ఎవరన్నారు?" వదిన టేపు చుట్టుకుంది. "పడతాను. దానికేం. అందరికీ సరిపడా కుండలు లేనప్పుడు ఎవరో ఒకరు ఎండన పడాలిగా."

కిందనించి పాప గట్టిగా లెక్కపెడుతోంది: నూట నాలుగు, నూట అయిదు. మేస్త్రి మాట ఆమెకి గుర్తొచ్చింది. కింది గదులకి గొడుగు. గొడుగు పట్టుకున్న చెయ్యి ఎవరిదో తను ఒక్కసారీ చూడలేదు. చెక్కపట్టీతో గోడల మధ్య సున్నం ముద్దలు గీకించిన మనిషి, వంటింట్లో అయిదు డిగ్రీలు తగ్గితే మురిసిపోయిన మనిషి, ఒక మనిషినే తీసుకెళ్లి శ్లాబుకీ ఎండకీ మధ్య పరిచేసింది.

మెట్లు దిగుతుంటే పాప ఎదురొచ్చి, "అమ్మా, రెండు వందల ఇరవై!" అంది. "కరెక్టేనా?"

"కరెక్టే అయ్యుంటుంది," అంది ఆమె. మళ్లీ లెక్కపెట్టలేదు. పాప విచిత్రంగా చూసింది.

ఆదివారం పొద్దున్నే వెళ్లేసరికి మేస్త్రి హాలు శ్లాబు కడిగించి, సున్నం కలుపుతున్నాడు. మొదటి వరసకి దారం లాగి ఉంది.

"మేస్త్రిగారూ, ఇవాళ హాలు పని ఆపండి."

"ఆపడమేమిటమ్మా! సున్నం కలిపేశా."

"ఆ సున్నంతో వంటింటి సజ్జా అంచు పూయండి, పెచ్చు లేచింది. హాలు సంగతి సాయంత్రం చెబుతాను."

"అయ్యగారికి తెలుసా?"

"తెలుస్తుంది."

మేస్త్రి తాపీని బకెట్టు అంచుకి తట్టి, ఆమె మొహం చూశాడు. "కొలత ఎక్కడన్నా తప్పిందామ్మా?"

"తప్పింది. మీది కాదు, నాది."

అతను తాపీ పక్కన పెట్టి, దారం చుట్టడం మొదలుపెట్టాడు.

ఇంటికొచ్చి వంట చేసింది. చేస్తున్నంతసేపూ మాటలు కూడగట్టుకుంది. మధ్యాహ్నం నలుగురూ భోజనానికి కూర్చున్నారు. మేకు మీద కాలెండరు తిరిగొచ్చి ఉంది. వడ్డన ఒక వరస అయ్యాక, గరిటె గిన్నెలో పెట్టి అంది:

"ఏమండీ, కొత్తింట్లో మేడ గదిలో మనిద్దరం పడుకుందాం. వదిన కింద చిన్నగదిలో ఉంటారు."

భర్త ముద్ద నోటి దగ్గర ఆపాడు. "ఇదేం కొత్త గొడవ? ఎందుకూ?"

"గాలీ వెలుతురూ బాగా వస్తాయి కదా. హాయిగా ఉంటుందన్నారు కదా మీరే."

"నీకేమన్నా మతిపోయిందా? పోయిన ఆదివారం మధ్యాహ్నం కరెంటు తీగలు చూడ్డానికి ఎక్కాను, పది నిమిషాలు నిలబడలేకపోయాను. అది గదా? కొలిమి! మనిషన్నవాడు పడుకుంటాడా అందులో!"

అన్న మాట అతనికే ఆలస్యంగా వినిపించింది. ముద్ద కంచంలో పెట్టేశాడు. అక్క వంక చూడబోయి, ఆవిడ కంచం వంక చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"అక్కా, నా ఉద్దేశం అది కాదు..."

"నీ ఉద్దేశం నాకు తెలుసులేరా. తిను, చల్లారిపోతుంది," అంది వదిన.

"అందుకే వదినా, మీరు కింద ఉండండి," అంది ఆమె. "హాలు మీద కుండలు పొద్దున్నే ఆపించాను. వాటి సంగతి మేం చూసుకుంటాం. చిన్నగది ముప్ఫై నాలుగు దాటదు, నేను కొలిచాను."

వదిన వేళ్లు కంచం అంచుకి తుడుచుకుంది. మంచినీళ్లు తాగింది. గ్లాసు కింద పెట్టింది.

"మీరిద్దరూ ఒకటే," అంది. "వాడు నన్నడక్కుండా పైకెక్కించాడు. నువ్వు నన్నడక్కుండా కిందికి దించుతున్నావు."

ఆమె కలుపుతున్న అన్నం వదిలి, వదినకేసి తిరిగింది.

"ఆ చిన్నగదికి ఒక్కటే కిటికీ, అదీ మెట్ల కిందికి. పట్టపగలు దీపం పెట్టుకుని సూదిలో దారం ఎక్కించాలి. నాకు చిన్నగది వద్దు. మేడ గదే కావాలి. రెండు కిటికీలు, మిషను మీదికి వెలుతురు. అన్నిటికీ మించి నేను తలుపు వేసుకుంటే అది నా గది." వదిన గొంతు పెరగలేదు. గుడ్డ మీద కత్తెర నడిచినట్టు తిన్నగా సాగింది. "వెలుతురు కావాలి, ఎండ వద్దు. హాలు కుండలు నా గది మీదికి ఎక్కించండి. అదీ నేను చెప్పేది."

"సరిపోతాయో లేదో..." అని భర్త గొణిగాడు.

"పది అడుగులకి పన్నెండు, గోడలతో కలిపి. కుండకి తొమ్మిదంగుళాలు. వరసకి పదహారు, పదమూడు వరసలు. రెండు వందల ఎనిమిది పడతాయి. ఉన్నవి రెండు వందల ఇరవై, నిన్న నా మేనకోడలు లెక్కపెట్టింది."

"చెప్పానా!" అంది పాప.

భర్త భార్య వంక చూశాడు, లెక్క తప్పు పడుతుందేమోనని. ఆమె మనసులో గుణించి చూసి, తలూపింది.

"మిగిలిన పన్నెండూ ఏం చేద్దాం అత్తా?"

"మీ నాన్న అడ్డం చెప్పినప్పుడల్లా ఒక్కోటి నెత్తిన బోర్లిద్దాం."

భర్త కూడా నవ్వాడు, సగమే. "అయితే నా హాలు ఎండన పడ్డట్టేనా? చలికాలం దాకా?"

"నీ హాలుకి నా గుడ్డ కప్పు కడతాను. సగం కావస్తోంది, రెండు నెలల్లో పూర్తిచేస్తా. రంగులున్నవైపు కిందికి వస్తుంది. మీ ఆఫీసు వాళ్లు తలెత్తి చూడకపోతే నన్నడుగు." ఒక్క క్షణం ఆగింది. "ఎవరు కుట్టారని అడిగితే మాత్రం చెప్పాలి."

"చెబుతానక్కా," అన్నాడు అతను.

"అయితే రేపు పొద్దున మేస్త్రికి నేనే వెళ్లి చెబుతా. నా గది కప్పు సంగతి కదా." వదిన కంచం కొద్దిగా ముందుకి జరిపింది.

ఆమె అన్నం గిన్నె అందుకుంది. గరిటె నిండా తీసింది. చెయ్యి అలవాటు ప్రకారం వదిన కంచం మీదికి వెళ్లి, మధ్యలో ఆగింది.

"ఎంత పెట్టమంటారు వదినా?"

వదిన తలెత్తి, గరిటె వంకా ఆమె వంకా చూసింది.

"మూడు," అంది. "రోజూ ఒకటి తక్కువే పెడుతున్నావు."